చేతిరాత ఫాంటు కొనేవాళ్లు ముందు ఒత్తులు చూడండి

శుభలేఖల పనిలో ఉన్న మీ అందరికీ తెలిసిన అమ్మకందారే, పేరు రాయను. రోజుకొక నమూనా పెట్టి “అచ్చం కలంతో రాసినట్టే” అని చెప్పుకుంటారు. మొన్న రాత్రి వాళ్ల తెలుగు చేతిరాత ఫాంటును 1,800 రూపాయలు పెట్టి కొన్నాను.

నమూనా బొమ్మలో “లక్ష్మీ ప్రసన్న” అని ఉంది. తలకట్లు ఒకే వాలులో ఉన్నాయి. మ ఒత్తు సన్నగా సాగి పక్క అక్షరం కిందికి వెళ్లింది. ఆ ఒత్తును చూసే మనసు పడ్డాను. కొనేముందు “శుభలేఖ”, “వధూవరులు” అని రెండు మాటలు మాత్రం రాయించి చూశాను. రెండింటిలోనూ ఒక్క ఒత్తు కూడా లేదు! పదిహేనేళ్లుగా ఈ పని చేస్తూ ఆ మాత్రం చూసుకోలేదు, ఆ తప్పు నాదే.

పెళ్లికూతురి పేరు జ్యోత్స్న. టైపు చేస్తే స ఒత్తు మీదికి న ఒత్తు ఎక్కి నల్లటి ముద్దయింది. మూడుసార్లు ఫోను చేస్తే ఎత్తి ఆ అమ్మకందారు అన్న మాట: “అంత కష్టమైన పేరెందుకండీ, జ్యోతి అని వేసుకోమనండి, బాగా వస్తుంది.”

నిన్నటి నుంచి ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. వెన్నెల అని అర్థం వచ్చే పేరు, కన్నవాళ్లు ఇష్టంగా పెట్టుకున్న పేరు. ఫాంటు చేసినవాడికి ఒత్తులు పేర్చడం రాకపోతే పిల్ల పేరు మార్చుకోవాలా? మరి నమూనాలో లక్ష్మి ఎలా కుదిరిందని అడిగాను. “అది ఆర్టిస్టు చేత్తో రాసింది” అన్నారు. అంటే ఫాంటులో లేని అందాన్ని చూపించి నాకు అమ్మారు! డబ్బు వెనక్కి ఇవ్వమంటే, ఒకసారి దించుకున్న ఫాంటుకు ఇవ్వం అని ఫోను పెట్టేశారు.

ఇంగ్లీషు చేతిరాత ఫాంటులో అక్షరం పక్క అక్షరంతో కలిస్తే చాలావరకు పని అయిపోతుంది. మన లిపికి గుణింతం పైన కుదరాలి, ఒత్తు కింద కుదరాలి, రెండో ఒత్తుకు చోటు మిగలాలి. ఆ నియమాలన్నీ ఫాంటులోనే రాసి ఉండాలి. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే ప్రమాణం యూనికోడ్; 1991లో దాని తొలి కూర్పులోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత, బాపు గారి చేతిరాత చూస్తూ పెరిగిన మనకు ఇలాంటి సరుకా?

పెళ్లి పత్రిక రేపు ప్రెస్సుకు వెళ్లాలి. పేర్లు మా వీధి చివర బోర్డులు రాసే పెద్దాయన కుంచెతో రాసిచ్చారు. మిగతా వివరాలు ఉచితంగా దొరికే మండలి ఫాంటులో పెట్టాను.

మీరు కొనేముందు జ్యోత్స్న, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం టైపు చేయించి చూడండి. బొమ్మ పంపితే ఒప్పుకోకండి, టైపు చేస్తున్న వీడియో అడగండి. లైసెన్సు కూడా చదవండి. నాకు పంపిన దానిలో “సొంత వాడకానికి మాత్రమే” అని ఉంది, డబ్బు కట్టిన తర్వాతే అది కనిపించింది.