గాజువాక కుర్రాడు ప్రింట్ చేసిచ్చిన 180 మంది సైనికులు: పెయింట్ చేసి, ఆడి చూశాక నా రివ్యూ

ఇది పెద్ద కంపెనీ రివ్యూ కాదండి. గాజువాక వైపు ఇంట్లోనే రెసిన్ ప్రింటర్ (రెసిన్ అనే ద్రవాన్ని వెలుతురుతో పొర మీద పొరగా గట్టిపరిచి బొమ్మలు తీసే మెషిన్) పెట్టుకుని, ఆర్డర్ మీద మినియేచర్లు తీసిచ్చే ఒక కుర్రాడున్నాడు, అతని దగ్గర 180 సైనికుల బొమ్మలు, 7 ఫిరంగులు చేయించుకున్నా. రెండు నెలలు కూర్చుని రంగులేశా, మొన్న ఆదివారం ఆట కూడా ఆడేశాం, అంతా అయ్యాకే రాస్తున్నా. తప్పులు కూడా ఉన్నదున్నట్టు చెప్తున్నా కాబట్టి పేరు, నంబరు పెట్టట్లేదు, ఒక్కడే చదువుకుంటూ నడుపుకుంటున్నాడు పాపం.

అసలు ఎందుకు చేయించానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకు చాన్నాళ్ళుగా చందుర్తి యుద్ధం టేబుల్ మీద బొమ్మలు పేర్చి, పాచికలేసి ఆటలా ఆడాలని కోరిక. మన వైపు యుద్ధం అంటే అందరూ బొబ్బిలే అంటారు, 1757 జనవరిలో అక్కడ కోటలో ఆడవాళ్ళు పిల్లలు పోయిన తీరు తల్చుకుంటే పాచికలేసి ఆడుకోవడానికి నాకు చేతులు రావు. చందుర్తి వేరు. అది పిఠాపురం దగ్గర పొలాల్లో రెండు సైన్యాలు ఎదురుబొదురు నిలబడి చేసిన యుద్ధం, 1758 డిసెంబర్ 9. ఇంగ్లీషు వాళ్ళ తరఫున కల్నల్ ఫోర్డ్, ఆయన బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి దిగింది మన వైజాగ్ లోనే, ఆయన్ని పిలిపించింది విజయనగరం రాజు ఆనంద గజపతి. అవతల ఫ్రెంచి సైన్యాన్ని నడిపింది కాన్‌ఫ్లాన్స్. ఫోర్డ్ దగ్గర తెల్ల సైనికులు ఒక 470 మంది, సిపాయిలు 1900 మంది, ఫ్రెంచి వైపు తెల్లవాళ్ళు 500 అయితే సిపాయిలు 6000.

ఇందులో నాకు పిచ్చెక్కించిన విషయం రంగు. ఫోర్డ్ తెచ్చిన బెంగాల్ సిపాయిలు కూడా ఎర్ర కోట్లే వేసుకున్నారు, ఫోర్డ్ తెల్ల పటాలం ఏమో జొన్న చేను వెనక కనపడకుండా ఉండిపోయింది. ఫ్రెంచి వాళ్ళు ఎర్ర కోట్లు చూసి ఇదే ఇంగ్లీషు పటాలం అనుకుని సిపాయిల మీద పడ్డారు, సిపాయిలు వెనక్కి తగ్గారు, గెలిచేశాం అని తరుముకుంటూ వరస చెదిరిపోయిన టైమ్ లో చేను పక్క నుంచి అసలు పటాలం బయటికొచ్చి కాల్చింది. అక్కడితో అయిపోయింది, నాలుగు నెలలకి మచిలీపట్నం కోట కూడా పోయింది. అంటే ఒక కోటు రంగు మీద యుద్ధం తిరిగింది. మినియేచర్లకి రంగులేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

ఇంగ్లండ్ నుంచి లోహం బొమ్మలు తెప్పించుకోవచ్చు, కానీ షిప్పింగు, కస్టమ్స్ కలిపితే బొమ్మల ఖరీదుకి సమానం అయిపోతుంది, పైగా సిపాయిల ప్యాకెట్లు ఎప్పుడూ ఉండవు. అందుకే లోకల్ ప్రింటింగ్. 50 మందికి ఒక బొమ్మ లెక్కన వేసుకుంటే ఇంగ్లీషు 10, వాళ్ళ సిపాయిలు 38, ఫ్రెంచి 10, వాళ్ళ సిపాయిలు 120, ఇంకో రెండు అటూఇటూ. సైజు 15 మి.మీ. తీసుకున్నా, అంటే మనిషి పాదం నుంచి కళ్ళ దాకా సుమారు ఆ ఎత్తు. 28 మి.మీ. అయితే ముఖాలు బాగా వస్తాయి గానీ మా డైనింగ్ టేబుల్ మీద 180 మంది పట్టరు. బొమ్మ 20 రూపాయలు, ఫిరంగి 80. మొత్తం 4160 అయింది. ఫోన్ లో లెక్క చెప్తే "ఏటన్నా, ఒకేసారి నూటెనబైయా" అన్నాడు, అతనికి అదే పెద్ద ఆర్డర్ అంట.

మొదట నేనడిగింది డిజైన్ ఫైళ్ళ గురించి. ఈ బొమ్మల ఎస్‌టీఎల్ ఫైళ్ళు (ప్రింటర్ కి ఇచ్చే 3డి డిజైన్లు) ఎవరో ఆర్టిస్టులు నెలలు కష్టపడి చేసినవి, వాటిని కొని ఇంట్లో ప్రింట్ చేసుకోవడం వేరు, ప్రింట్ చేసి అమ్మడానికి వేరే లైసెన్సు ఉంటుంది. ఆ లైసెన్సు కట్టాడా లేదా అని అడిగితే ఏం ఇబ్బంది పడకుండా ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఈ ప్రశ్న అడగండి, అడిగితే తప్పు లేదు.

ప్రింట్ క్వాలిటీ: 50 మైక్రాన్ల పొరతో, అంటే మి.మీ. లో ఇరవయ్యో వంతు మందంతో తీశాడు. చేత్తో పట్టుకుని చూస్తే పొరల గీతలు ఫిరంగి చక్రాల మీద తప్ప ఎక్కడా కనపడలేదు, అవి కూడా ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) పడ్డాక పోయాయి. సిపాయిల తలపాగాల మడతలు, భుజాన పట్టీలు, తోటాల సంచి, అన్నీ కుంచె కొనకి తగిలేంత లోతుగా ఉన్నాయి, ఇది ముఖ్యం, ఎందుకంటే 15 మి.మీ. బొమ్మకి డీటైల్ ఎక్కువుండటం కాదు, ఉన్న డీటైల్ లోతుగా ఉండాలి, అప్పుడే వాష్, అంటే నీళ్ళలాంటి పల్చటి ముదురు రంగు, పోస్తే గుంటల్లోకి దిగి బొమ్మ తేలుతుంది. సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు బొమ్మని పట్టుకుని ఉంచే సన్నటి పుల్లలు) కూడా తనే తీసిచ్చాడు, మచ్చలు ఎక్కువగా వీపు వెనక, అరికాళ్ళ దగ్గర పడేలా పెట్టాడు. ముఖం మీద మచ్చ ఉన్న బొమ్మ ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇక ఇబ్బందులు. బాయినెట్లు, అంటే తుపాకీ కొనకి తగిలించే కత్తులు. మామూలు రెసిన్ గట్టిగా ఉంటుంది గానీ పెళుసు, 15 మి.మీ. సైజులో బాయినెట్ అంటే వెంట్రుకంత, బాక్సు తెరిచేసరికే 11 విరిగిపోయి ఉన్నాయి. నేను తిరిగి వెళ్ళి చెప్తే అప్పుడు ఫ్లెక్సిబుల్ రెసిన్ కొంచెం కలిపి ఇంకో 15 తీసిచ్చాడు, అవి వంగుతున్నాయి గానీ విరగట్లేదు. మొత్తం ఆర్డరే అలా కలిపి తీసి ఉంటే బావుండేది, నేను కూడా ముందు అడగలేదు. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పండి, ఈటెలు, కత్తులు, తుపాకులు ఉంటే ఫైల్ లోనే కొంచెం లావు చేయమనండి.

రెండోది, ఒక బ్యాచ్ 22 బొమ్మలు చేతికి జిగట జిగటగా అంటుకున్నాయి. ఐపీఏ (ప్రింట్లు కడిగే ఆల్కహాల్) లో సరిగ్గా కడగకుండానో, యూవీ లైట్ కింద తక్కువసేపు ఉంచో ఇచ్చేసినట్టున్నాడు. ఇది చిన్న విషయం కాదు, పూర్తిగా గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు, కొంతమందికి అలర్జీ వస్తుంది, మా ఇంట్లో చిన్నపిల్ల ఉంది. గ్లవ్స్ వేసుకుని కవర్లో కట్టి తిరిగి ఇచ్చేశా. మాట అనకుండా మార్చిచ్చాడు, కానీ ఇచ్చే ముందే ఒక్కొక్కటి వేలితో కాకపోయినా టిష్యూతో ముట్టుకుని చూసుకోవాల్సింది. ఈ ఒక్క విషయంలో నేను మార్కులు తగ్గిస్తా.

లేటు కూడా అయింది, చెప్పిన రోజుకి 9 రోజులు. వర్షాలకి కరెంటు పోతే ప్రింట్ మధ్యలో ఆగిపోతుంది, ఆగిపోయిన ప్లేటు, అంటే ఒకేసారి ప్రింట్ కి పెట్టిన బొమ్మలు, మొత్తం పారేయాల్సిందే. రెండు ప్లేట్లు అలా పోయాయంట. ఇప్పుడు ఇన్వర్టర్ పెట్టించాడు. లేటు నాకు బాధనిపించలేదు, రోజూ ఫొటో పెట్టి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాడు.

ఇప్పుడు అసలు మెచ్చుకోవాల్సింది. ఆటలో ఫ్రెంచి ఆడేవాడికి ఎదురుగా ఉన్న ఎర్ర కోట్లు సిపాయిలో తెల్ల పటాలమో తెలియకూడదు, తెలిస్తే ఆటే లేదు. కానీ బొమ్మల్లో సిపాయికి తలపాగా, తెల్లవాడికి మూడు కోణాల టోపీ, చూడగానే తెలిసిపోతుంది. ఈ ముచ్చట అతనికి మాటల్లో చెప్పా అంతే. మర్నాడు సాయంత్రానికి తనే బ్లెండర్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్ లో ఒకటి తయారుచేశాడు, దుమ్ము మేఘంలాంటి ఒక గుట్ట, అందులోంచి భుజాలు, కోటు చేతులు, తుపాకీ గొట్టాలు మాత్రమే బయటికి, తలలు దుమ్ములో కలిసిపోయి. అలాంటివి 6 ప్రింట్ చేసిచ్చాడు. దూరంగా ఉన్నంతసేపు టేబుల్ మీద ఆ గుట్టలే ఉంటాయి, 20 సెం.మీ. లోపలికి వస్తే అంపైర్ గుట్ట తీసి అసలు బొమ్మలు పెడతాడు. దీనికి 300 తీసుకున్నాడు, నేను ఇంకో 200 బలవంతంగా ఇచ్చా. డబ్బాలో ప్యాక్ అయ్యి వచ్చే ఏ బొమ్మల సెట్టూ మనకి ఈ పని చేసిపెట్టదు. నా ఆట ఏంటో విని, దానికి తగ్గట్టు ఆలోచించాడు.

పెయింటింగ్ గురించి కొంచెం, ఎందుకంటే ఈ బొమ్మలు రంగు ఎలా పట్టుకుంటాయనేది కూడా రివ్యూలో భాగమే. ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి పాత టూత్‌బ్రష్ తో రుద్ది ఆరబెట్టా. స్ప్రే ప్రైమర్ జోలికి మాత్రం వైజాగ్ వర్షాకాలంలో వెళ్ళకండి. సముద్రం గాలిలో తేమకి స్ప్రే గాల్లోనే పాడయ్యి బొమ్మ మీద ఉప్పు చల్లినట్టు గరుకుగా పడుతుంది, ఒకసారి అలా 8 బొమ్మలు పాడైపోయాయి నాకు. కుంచెతో వేసుకునే అక్రిలిక్ ప్రైమర్ తీసుకుని రెండు పల్చటి పూతలు వేశా, గ్రే రంగు. ఎరుపు వేయాలంటే నల్ల ప్రైమర్ వద్దు, ఎరుపు రంగు పల్చన, కింద నలుపుంటే ఎన్ని పూతలేసినా మురిగ్గా ఉంటుంది. గ్రే మీద ముందు ఇటుక రంగు, దాని మీద వల్లెహో కంపెనీ ఎరుపు, మీద గోధుమరంగు వాష్, ఆరాక భుజాల మీద, మోచేతి మీద మళ్ళీ అదే ఎరుపు. చిన్న బొమ్మకి రంగు మనం అనుకున్నదానికంటే ఒక మెట్టు ప్రకాశంగానే వేయాలి, లేకపోతే మూడడుగుల దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. ఫ్రెంచి వైపు తెలుపు వేశా, రెండు వైపులా దూరం నుంచే విడిగా తెలియాలని.

తేమకి ఒక లాభం ఉంది, ఫ్యాన్ ఆపేసి కూర్చుంటే వెట్ ప్యాలెట్ (తడి స్పాంజి మీద కాగితం పరిచి రంగులు కలుపుకునే పళ్ళెం) మీద రంగు రెండు రోజులైనా ఎండదు. నష్టం ఏంటంటే నాలుగో రోజుకి స్పాంజికి బూజు వాసన. రోజు విడిచి రోజు మార్చుకుంటే సరిపోతుంది. రెసిన్ ప్రైమర్ ని గట్టిగానే పట్టుకుంది, ఆటలో ఇన్ని చేతులు పడ్డా ఎక్కడా పెచ్చు లేవలేదు, మీద మ్యాట్ వార్నిష్ ఉందనుకోండి.

బేస్ లకి 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే అట్ట) ముక్కలు, నాలుగేసి బొమ్మలు ఒక ముక్క మీద. ఇసుక బీచ్ నుంచి ఒక గుప్పెడు తెచ్చి మంచినీళ్ళలో మూడుసార్లు కడిగి ఎండబెట్టి ఫెవికాల్ తో అంటించా, ఉప్పు వదలకపోతే తర్వాత తెల్లగా పొంగుతుంది. ఎర్రమట్టి కావాలని ఒక స్నేహితుడు ఎర్రమట్టి దిబ్బల నుంచి తెద్దామన్నాడు, వద్దని గట్టిగా చెప్పా, అది కాపాడుకోవాల్సిన చోటు, మన ఆట కోసం గుప్పెడైనా తీయకూడదు, మామూలు ఇసుకకే ఎర్ర రంగు వేసుకోవచ్చు. జొన్న చేనుకి పూర్ణా మార్కెట్లో కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ కొని కత్తితో కోశా, పీచు నిలబడి అచ్చం పండిన చేనులా ఉంటుంది, బొమ్మలు నిజంగానే దాని వెనక దాక్కుంటాయి.

ఆదివారం మా ఎంవీపీ కాలనీ ఇంట్లో నలుగురం కూర్చున్నాం. మా బావ ఫ్రెంచి, నేను అంపైర్. పూర్వం జర్మనీలో ప్రష్యా ఆఫీసర్లు క్రీగ్‌స్పీల్ అనే యుద్ధం ఆట ఆడేటప్పుడు కూడా ఎవరికి ఏం కనిపిస్తుందో చెప్పడానికి అంపైర్ ఉండేవాడు, అదే పద్ధతి. మా బావకి ఈ యుద్ధం కథ చెప్పలేదు. మూడో టర్న్ లో ఎడమ వైపు ఎర్ర దుమ్ముగుట్టల మీదకి మొత్తం తెల్ల కోట్లు పంపించేశాడు, సిపాయిలు పాచికలో ఓడి వెనక్కి పోయారు, గుట్ట తీసి తలపాగాలు పెట్టా, ఆయన మొహం చూడాలి, "అయితే మిగతావాళ్ళు ఏరిరా?" అన్నాడు. నేను చేను వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డా. తర్వాతి టర్న్ లో వచ్చారు. 260 ఏళ్ళ కిందట కాన్‌ఫ్లాన్స్ కి ఏమనిపించి ఉంటుందో ఆ టేబుల్ దగ్గర నాకు మొదటిసారి తెలిసింది, చదివినప్పుడు తెలియలేదు.

నాలుగు గంటల ఆటలో విరిగినవి 3 బొమ్మలు, మూడూ మొదటి బ్యాచ్ పెళుసు రెసిన్ వే, ఫెవిక్విక్ తో అతికించేశా.

చేయించుకోండి అనే చెప్తా. 50 బొమ్మలకి తక్కువైతే అతను ప్లేటు వేయట్లేదు, రెండు వారాలు అంటే మూడు అనుకోండి, ముందు ఒక్క బొమ్మ శాంపిల్ అడిగి చేతిలో పట్టుకుని చూడండి, జిగట ఉంటే అక్కడే ఇచ్చేయండి. నేనైతే నిన్ననే ఆనంద గజపతి సైన్యానికి 40 గుర్రపు రౌతులు చెప్పి వచ్చా, ఈసారి మొత్తం ఫ్లెక్సిబుల్ రెసిన్ కలిపి, ఈటెలు లావు చేసి. గుర్రం కాళ్ళు ఎంత సన్నగా ఉండొచ్చో చూడ్డానికి శనివారం ఒకటి ప్రింట్ చేసి చూపిస్తానన్నాడు, వెళ్ళి తెచ్చుకోవాలి.