నాలుగు వేల మంది కనపడని ఫ్లెక్స్: మహబూబ్‌నగర్‌లో ఒక ప్రింటింగ్ షాపు గురించి

మా హైస్కూల్లో సోషల్ క్లాసుకు పెద్ద చార్టు ఒకటి కావాలని మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ఒక ఫ్లెక్స్ షాపుకు ఇచ్చాను. పెళ్ళిళ్ళకు, లీడర్ల బర్త్‌డేలకు ఫ్లెక్సీలు కొట్టే షాపే. నేనిచ్చిన పని వేరే రకం కాబట్టి తోటి టీచర్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

1812లో నెపోలియన్ రష్యా మీదికి పోయిన దండయాత్ర చార్టు అది. షార్ల్ మినార్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1869లో గీశాడు. అందులో కత్తి లేదు, ఫిరంగి లేదు. సైన్యమంతా ఒక పట్టీ. పట్టీ వెడల్పులో ఒక్కో మిల్లీమీటరుకు పది వేల మంది. రష్యా సరిహద్దులోని నేమన్ నది దాటినప్పుడు 4,22,000 మంది. మాస్కోకు చేరింది 1,00,000. తిరిగి నేమన్ దగ్గరికి వచ్చింది 10,000. పోయేటప్పుడు గోధుమరంగు, వచ్చేటప్పుడు నలుపు.

మూడింతలు పెంచి కొట్టమన్నాను. అంటే మొదట్లో పట్టీ 12.66 సెంటీమీటర్లు ఉండాలి, మాస్కో దగ్గర 3. షాపు కౌంటర్ మీదే పరిచి స్కేలు పెడితే మొదటిదే 15 దాటింది. "ఆరు బై మూడు నిండాలని జర నిలువుకు లాగిన సార్" అన్నాడు డిజైన్ చేసే అబ్బాయి. నిలువుకు లాగితే అడ్డంగా పోయే పట్టీ లావెక్కుతుంది, ఏటవాలుగా దిగేచోట అంత ఎక్కదు. లెక్కంతా పాడవుతుంది. నేను యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు అక్షరాల్లో) ఇచ్చిన ఊళ్ళ పేర్లకు ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. అన్నిటికన్నా బాధ కలిగించింది చివర్లో, విడిపోయిన దళం వచ్చి కలిసి 10,000 అయ్యే ముందు, 4,000 అని ఉండే గీత. అది 1.2 మిల్లీమీటర్లు రావాలి. ఫ్లెక్స్ మీద మసకలో కలిసిపోయింది. ఆ గీతలో నాలుగు వేల మంది నడుస్తున్నారు. వాళ్ళు కనపడకపోతే ఈ చార్టు నాకెందుకు?

ఓనర్ విసుక్కోలేదు. పేర్లు ప్రింటింగ్ షాపుల్లో వాడే అను ఫాంట్‌లో మళ్ళీ టైపు చేయించి, కొలత సరిచూసి, ఈసారి వినైల్ (స్టిక్కర్ షీటు) మీద కొట్టి సన్‌బోర్డుకు (గట్టి ఫోమ్ అట్టకు) అతికించి ఇచ్చారు. తేడా డబ్బులే తీసుకున్నారు. ఆ సన్న గీత ఇప్పుడు వెనక బెంచీకి కూడా తెలుస్తుంది.

చలి వల్లే ఆ సైన్యం చచ్చిపోయిందని నేనూ చాలా ఏళ్ళు చెప్పాను. ఈ చార్టు గోడకు తగిలించాక ఆ మాట అనలేం. నది దాటింది జూన్ 24న, నడి ఎండాకాలం. పట్టీ సన్నబడడం పోయేటప్పుడే మొదలైంది. మధ్యలో వేరే దారి పట్టిన దళాలను మినార్ పాయలుగా విడిగా చూపాడు. అవి తీసేసినా తరుగుదల భయంకరం. తిండి బండ్లు వెనకబడ్డాయి, గుర్రాలు పచ్చి పైరు మేసి కూలాయి, విరేచనాలు, టైఫస్ జ్వరాలు. రష్యన్లేమో గిడ్డంగులు తగలబెట్టుకుంటూ వెనక్కి పోయారు. సెప్టెంబర్ 14న మాస్కో దొరికింది, వెంటనే మంటల్లో కాలిపోయింది. జార్ అలెగ్జాండర్ రాజీకి వస్తాడని నెపోలియన్ ఐదు వారాలు కూర్చున్నాడు. జవాబే రాలేదు. అక్టోబర్ 19న తిరుగుదారి పట్టాడు. చలి ఆ తర్వాతి సంగతి. డిసెంబర్ 6న మైనస్ 30 అని చార్టులో ఉంటుంది, అది రెయోమూర్ అనే పాత ఉష్ణోగ్రత కొలత, మన సెల్సియస్‌లో మైనస్ 37.5. బెరెజినా నది దగ్గర నల్ల పట్టీ 50,000 నుంచి ఒక్కసారిగా 28,000కు పడిపోతుంది. అక్కడ పిల్లలతో వేలు పెట్టించి చూపిస్తాను.

డిసెంబర్ 5న నెపోలియన్ సైన్యాన్ని స్మోర్గోన్‌లో వదిలేసి పారిస్‌కు బయల్దేరాడని చెప్పినప్పుడు టెన్త్ పిల్ల ఒకామె లేచి, "తోలుకపోయిన గుంపు మేస్త్రీ ముందుగాల ఇంటికొచ్చిండా సార్?" అని అడిగింది. వాళ్ళ నాన్న పుణెలో కాంక్రీటు పనికి పోయి ఉన్నాడు. అవునమ్మా అన్నాను. ఆ పీరియడ్‌లో ఇంకేం చెప్పలేదు.

షాపుకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఇలాంటి చార్టు ఇచ్చేవాళ్ళు ఫ్లెక్స్ వద్దు, వినైల్ చెప్పండి. పొడవు వెడల్పు ఒకే నిష్పత్తిలో పెంచమని కాగితం మీద రాసివ్వండి. తీసుకునేటప్పుడు స్కేలు వెంట తీసుకుపోండి.