పాత బండికి కొత్త వెనక షాక్స్: ఏళ్లు వాడాక నా మాట

పాత బండికి వెనక షాకబ్జార్బర్లు మార్చాలా అని అడిగేవాళ్లకు నా సమాధానం ఒకటే, మార్చండి, ఇంజన్‌కి ఏదో చేయిద్దామని దాచుకున్న డబ్బులుంటే ముందు ఇక్కడ పెట్టండి. నాది 1970ల నాటి మోటార్‌సైకిల్, వెనక అటొకటి ఇటొకటి షాక్స్ ఉండే రకం. దానితో వచ్చిన జత మీద ఏళ్ల తరబడి తిరిగాను. వాటి స్థానంలో వేసింది విప్పి బాగుచేసుకోగలిగే రకం, దాని మీద కూడా వానల్లో, ఎండల్లో, ఒంటరిగా, వెనక మనిషితో, సామానుతో బోలెడు తిరిగాను. కాబట్టి మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను, తిట్టాల్సింది తిడతాను.

షాక్స్‌తో చిక్కేంటంటే అవి ఒక్కరోజులో పోవు. కొంచెం కొంచెంగా పోతుంటాయి, మన నడుమూ అలవాటుపడిపోతుంది, పాత బండి కదా ఇలాగే ఉంటుందిలే అనుకుంటాం. నా బండి సంగతి పెద్ద గుంతల్లో కంటే మలుపుల్లో బాగా బయటపడేది. మలుపులో ఉండగా వరసగా చిన్న చిన్న ఎత్తుపల్లాలు తగిలాయంటే వెనక భాగం ఒకసారి లేచి ఊరుకోకుండా ఊగుతూనే ఉండేది, టైరు రోడ్డును వదిలి వదిలి పట్టుకుంటున్నట్టు. సీటు గట్టిగా నొక్కి వదిలితే పైకి లేచి ఆగాలి, నాది లేచి, దిగి, మళ్లీ లేచేది. వంగి చూస్తే షాక్‌లోకి దిగి పైకొచ్చే కడ్డీ చుట్టూ ఆయిల్‌తో తడిసిన దుమ్ము నల్లగా పేరుకుని ఉంది, వేలితో గీస్తే ముద్దలా ఊడొచ్చింది. లోపలి ఆయిల్‌ను బయటికి రానివ్వని సీలు పోయిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, స్ప్రింగులు మెత్తబడ్డాయి, కాస్త బిగిస్తే సరి అని. సరికాదు. స్ప్రింగు బరువు మోస్తుంది, అంతవరకే. ఊపును ఆపేది లోపలున్న ఆయిల్. కడ్డీ చివరనుండే పిస్టన్ కదిలినప్పుడల్లా ఆయిల్ సన్నటి కన్నాల్లోంచి దూరాల్సి వస్తుంది, ఆ శ్రమలో ఊపంతా వేడిగా మారి అణిగిపోతుంది. ఆయిల్ కారిపోయినా, ఉన్నది గాలితో కలిసి నురగ కట్టినా ఆ అడ్డు పోతుంది, స్ప్రింగు తన ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది. కొక్కెంలాంటి సి స్పానర్‌తో స్ప్రింగును పట్టుకునే రింగు తిప్పి ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే నొక్కి ఉంచడం, పెంచితే బండి వెనక కాస్త ఎత్తు లేస్తుందంతే, స్ప్రింగు గట్టిదనం మారదు, పోయిన డ్యాంపింగ్, అంటే ఊపును అణిచే గుణం, తిరిగి రాదు.

కొనేటప్పుడు నేను పట్టుబట్టింది పొడవు దగ్గర. షాక్‌ను బండికి బోల్టుతో బిగించే పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా కొలవాలి, నా బండికి 320 మిల్లీమీటర్లు. అటూ ఇటూ ఓ సెంటీమీటరు పర్లేదని చెప్పేవాళ్లుంటారు, కానీ దాని ప్రభావం బండి మొత్తం మీద పడుతుంది. పొడవైనవి వేస్తే వెనక లేచి, ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ నిటారుగా అవుతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది కానీ స్పీడులో కుదురు తగ్గుతుంది, డబుల్ స్టాండ్ వేసినా చక్రం నేలకు తగులుతుంది. పొట్టివి వేస్తే బండి వాలే చోటు తగ్గుతుంది, సైడ్ స్టాండ్ మీద మరీ నిటారుగా నిలబడి ఎటు పడుతుందోనని టెన్షన్, ఇద్దరెక్కితే టైరు మడ్‌గార్డ్‌కి తగిలే అవకాశం కూడా ఉంది. కన్నులో ఉండే బుష్ లోపలి కొలత, స్ప్రింగు లావు కూడా చూసుకోవాలి, ఎందుకంటే లావు స్ప్రింగు చైన్ కవర్‌కో సైలెన్సర్‌కో రాసుకుంటుంది. పక్కన ఆయిల్ డబ్బా వేలాడే ఖరీదైన రకం చూడ్డానికి బాగుంటుంది, ఈ వయసు బండిని మనం తోలే తీరుకు అవసరం లేదు.

బిగించడం పెద్ద పనేం కాదు. డబుల్ స్టాండ్ వేసి ఒకటి విప్పి, దాని చోట కొత్తది పెట్టాకే రెండోది ముట్టుకోవాలి, అప్పుడు వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ జారిపోకుండా ఉంటుంది. బోల్టు కన్నం కొంచెం కలవకపోతే చక్రం కింద చెక్క ముక్క తోస్తే చాలు. నట్ల చివరి బిగింపు మాత్రం బండిని చక్రాల మీద నిలబెట్టి చేయాలి, లేదంటే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలోనే బిగుసుకుని తొందరగా చిరుగుతుంది. షాక్స్ విప్పినప్పుడే స్వింగార్మ్‌ను పక్కలకు ఊపి చూడండి, అక్కడ బుష్‌లు అరిగి ఉంటే ఎంత మంచి షాక్స్ వేసినా మలుపులో తోక ఊపడం మానదు.

మొదట్లో నాకు నచ్చలేదని చెప్పాలి. సీళ్లు కొత్తవి కాబట్టి బిగుసుగా, చిన్న గతుకులన్నీ నడుముకు చెప్పి మరీ దాటేవి. కొన్నాళ్లకు కదలిక తేలికైంది. అప్పుడు టేపు తీసుకుని కొలిచాను, చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా ఎంత, నేనెక్కి కూర్చున్నాక ఎంత అని. వెనక చక్రం మొత్తం కదలిక 80 మిల్లీమీటర్లయితే మనిషెక్కాక పాతిక దాకా దిగాలి, అంటే మూడో వంతుకు కాస్త తక్కువ. నాది పన్నెండు కూడా దిగలేదు! ఇద్దరు బరువైన మనుషులకు సరిపోయే స్ప్రింగులిచ్చి పంపారు, ఆర్డర్‌లో నా బరువు రాసి మరీ ఇచ్చినా. వాదించి మెత్తవి తెప్పించుకున్నాక బండి మారిపోయింది. మెత్తగా ఉందనడం కంటే నెమ్మదించిందనడం కరెక్ట్, గతుకు తగులుతుంది, తెలుస్తుంది, అక్కడితో అయిపోతుంది. మలుపు మధ్యలో బ్రేకు ముట్టుకున్నా వెనక బెదరదు.

ఏళ్లు గడిచాక ముందుగా అరిగింది కింది రబ్బరు బుష్‌లు. తర్వాత ప్రీలోడ్ రింగు తుప్పు పట్టి కదలనని మొండికేసింది, ఇప్పుడు వానలు మొదలవకముందే గ్రీజు రాస్తున్నాను. అసలు ఫిర్యాదు కడ్డీ గురించి. పాత షాక్స్‌కి పైన రేకు కవర్ ఉండేది, ముసలి వేషంలా కనిపించినా బురద కడ్డీ మీద పడనిచ్చేది కాదు. కొత్తవి అందం కోసం స్ప్రింగు, కడ్డీ అన్నీ బయటపెట్టుకుని ఉంటాయి, కుడి దాని క్రోమ్ మీద చిన్న చిన్న గుంటలు పడి సీలును కోసేశాయి, కారడం మొదలైంది. అయితే విప్పగలిగే రకం కాబట్టి కడ్డీ, సీలు, ఆయిల్ మార్పించి మళ్లీ వేసుకున్నాను, ఎడమదానికి కూడా అప్పుడే ఆయిల్ మార్పించాను, రెండూ ఒకేలా పనిచేయాలిగా. కింద మూత అతికేసి వచ్చే చవక రకమైతే జత మొత్తం పారేయాల్సి వచ్చేది. ఈ ఒక్క కారణానికే ఎక్కువ డబ్బు పెట్టినా నష్టం లేదంటాను.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. వెనక ఎత్తు కాస్త మారినా హెడ్‌లైట్ వెలుగు పడే చోటు మారుతుంది, చైన్ వదులూ మారుతుంది. సీటు మీద మనిషిని కూర్చోబెట్టి చైన్ ఎంత బిగుస్తుందో చూసుకుని, లైటు సర్దుకున్నాకే రోడ్డెక్కండి.