కలిపేసుకోవడమా, కలిసి ఉండడమా: ఏది మేలు?

వలస వచ్చినవాళ్లు ఒక దేశానికి మనవాళ్లు ఎప్పుడవుతారు? దీనికి ఫ్రాన్స్ ఒక జవాబు చెప్పింది, కెనడా ఇంకోటి చెప్పింది.

ఫ్రాన్స్‌లో పుట్టుక, మతం ఇంటి విషయాలు. బయట అందరూ పౌరులే. 2004 చట్టం తర్వాత ప్రభుత్వ బడుల్లో ముస్లిం అమ్మాయి తలకు కట్టుకునే స్కార్ఫ్ అయినా, సిక్కు పిల్లాడి తలపాగా అయినా తీసేయాల్సిందే. కెనడా 1971లోనే బహుళ సంస్కృతులను ప్రభుత్వ విధానంగా ప్రకటించి, 1988లో చట్టం చేసింది. అధికార భాషలు రెండే, కానీ ఎవరి పండగలు, అలవాట్లు వాళ్లవి.

పుట్టుక చూడనన్న ఫ్రాన్స్ మాట నాకు నచ్చుతుంది. కానీ తలపాగా తీస్తేనే బడిలోకి రానిస్తామంటే, ఆ పిల్లాడికి ఈ దేశం నాది అనిపిస్తుందా? నాకు నమ్మకం లేదు.

ఎందుకంటే నేను ఉండేది హైదరాబాద్‌లో. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు ఇవాళ్టి బార్కస్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే నిజాం గుర్రపు దళం ఉన్న చోటు ఏసీ గార్డ్స్. బార్కస్‌లో ఇప్పటికీ యెమెన్ పద్ధతిలో లుంగీలు కట్టినవాళ్లు కనిపిస్తారు. వాళ్ల డప్పుల వాయిద్యం మర్ఫా మాత్రం బస్తీ దాటి మన బరాత్‌ల్లోకి వచ్చేసింది. పెళ్లికొడుకు ఎవరైనా సరే, ఆ దరువు పడగానే జనం కాళ్లు ఆగవు. తమ అలవాట్లు వదులుకోకుండానే వాళ్లు హైదరాబాదీలయ్యారు.

అలాగని కెనడా దారి ఒక్కటే చాలని కూడా అనలేను. 1952లో ఇదే నగరంలో 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్నారు. జనం కోపం ఇడ్లీ మీద కాదు. బయటివాళ్లు దొంగ ముల్కీ (స్థానికులమని చూపే) సర్టిఫికెట్లతో ఇక్కడి ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పొట్ట దగ్గర అన్యాయం జరిగితే పక్కవాడి తిండి కూడా శత్రువులా కనిపిస్తుంది. పండగలకు స్టేజీ ఇచ్చి, కొలువుల సంగతి వదిలేస్తే ఏ విధానమూ నిలవదు.

కాబట్టి నా ఓటు కెనడా వైపే, కానీ రెండు షరతులతో. స్థానికుల ఉద్యోగాలకు గట్టి హామీ ఉండాలి. వచ్చినవాళ్లకు ఇక్కడి భాష నేర్పే బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలి. మన రాజ్యాంగంలో దీనికి చోటుంది. ఎవరి భాష, లిపి, సంస్కృతి వాళ్లు కాపాడుకునే హక్కు 29వ అధికరణం ఇస్తోంది. ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమని 350ఎ చెబుతోంది. నగరం చుట్టూ ఇటుక బట్టీల్లో అమ్మానాన్నలతో పాటు ఉంటున్న ఒడిశా పిల్లలకు ఒడియాలో పాఠం, దాంతో పాటే తెలుగు అక్షరాలు కావాలి. అదీ ఈ సీజన్‌లోనే, వాళ్లు తిరిగి ఊరికి వెళ్లిపోకముందే.