తేమ లెక్కా, గాలి లెక్కా: ఏది మేలు?

పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగింది. పొద్దునకీ మధ్యాహ్నానికీ మధ్యే పది డిగ్రీల తేడా వస్తుంటే ఈ ఒక్క డిగ్రీ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. అది రెండు దారుల్లో పనిచేస్తుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. పైగా వేడి అన్నిచోట్లా ఒకేలా పెరగదు కనుక గాలులు నడిచే దారులూ వేగాలూ మారతాయి. ఫలానా ప్రాంతంలో వానలు ఏమవుతాయని అడిగితే కొందరు శాస్త్రవేత్తలు మొదటి దారి పట్టుకుంటారు, కొందరు రెండోది. చిక్కల్లా, ఈ రెండు లెక్కలూ ఒక్కోసారి ఎదురుబొదురు జవాబులిస్తాయి.

తేమ లెక్క సులువైనది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి పట్టగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇది క్లాసియస్, క్లాపేరాన్ పేర్లతో 19వ శతాబ్దం నుంచీ ఉన్న భౌతికశాస్త్రం, దీనికి కంప్యూటర్ మోడల్ అక్కర్లేదు. ప్రపంచం మొత్తాన్ని చూస్తే ఒక్కరోజులో కురిసే కుండపోత వానల తీవ్రత కూడా దాదాపు ఇదే లెక్కన పెరుగుతోంది.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. భూమ్మీద పడే మొత్తం వాన డిగ్రీకి 7 శాతం పెరగదు, ఒకటి నుంచి మూడు శాతం దగ్గరే ఆగుతుంది. ఆవిరి నీరైనప్పుడల్లా గాలిలోకి వేడి వదులుతుంది. ఆ వేడిని వాతావరణం అంతరిక్షంలోకి పంపేయాలి. ఆ పంపే శక్తి అంత త్వరగా పెరగదు. తేమ ఎక్కువ పెరిగి వాన తక్కువ పెరిగిందంటే, ఆ తేమను పైకెత్తే గాలి ప్రసరణ నెమ్మదించాలన్నమాట. అంటే తేమ లెక్కను చివరిదాకా వేస్తే అదే మనల్ని గాలి దగ్గరకు తెచ్చి వదిలేస్తుంది!

ఆ గాలేమో చెప్పినమాట వినదు. పసిఫిక్ మీద తూర్పు పడమరలుగా తిరిగే వాకర్ ప్రసరణ బలహీనపడాలని మోడళ్లలో ఎక్కువ భాగం అన్నాయి. కానీ 1980ల నుంచి 2010ల మొదటి దాకా అది బలపడింది. సహజమైన ఒడిదుడుకులా, మోడళ్ల లోపమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల జెట్ ప్రవాహం (చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వేగంగా సాగే గాలి) వంకరలు తిరిగి చలిగాలులు, వడగాలులు ఒకేచోట తిష్ఠ వేస్తున్నాయన్న వాదన 2012 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని తేలిన సత్యంగా రాసేవాళ్లను నేను నమ్మను.

ఇంత గందరగోళం ఉన్నప్పుడు గాలి లెక్కను పక్కన పెట్టేస్తే పోదా? పోదు. ఆస్ట్రేలియా నైరుతి మూల చూడండి. 1970 నుంచి అక్కడ ఏప్రిల్-అక్టోబరు వానలు దాదాపు 16 శాతం తగ్గాయి. గాలిలో తేమ పెరిగితే వాన పెరగాలి కదా? కానీ చలికాలపు వానలు మోసుకొచ్చే పడమటి గాలులు దక్షిణ ధ్రువం వైపు జరిగాయి. తేమ ఉండి ఏం లాభం, దాన్ని కురిపించే తుపాను దారి మార్చుకున్నాక? ఎండిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది కనుక ఆ మూలలోని పెర్త్ నగర జలాశయాలకు చేరే నీరు వానకంటే చాలా ఎక్కువ నిష్పత్తిలో పడిపోయింది. 2006లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలుపెట్టాల్సి వచ్చింది. తేమ లెక్క ఒక్కటే నమ్ముకున్న ఇంజినీరు అక్కడ నిండా మునిగేవాడు, నీళ్లు లేక.

గాలి లెక్కలో ఇంకో ఇబ్బంది, దాన్ని కదిలించే చేతులు చాలా. దక్షిణార్ధగోళంలో వేసవిలో వీచే పడమటి గాలులను ధ్రువం వైపు నెట్టినదాంట్లో పెద్ద వాటా ఓజోన్ రంధ్రానిది. ఓజోన్‌ను తినేసే రసాయనాలను అరికట్టిన 1987 మాంట్రియల్ ఒప్పందం ఫలించి, 2000 ప్రాంతంలో ఆ జరగడం ఆగింది.

రెండు లెక్కలూ ముఖాముఖి ఢీకొన్న చోటు అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు బౌల్డర్ నగరం. 2013 సెప్టెంబరులో అక్కడ వారంపాటు వానలు, వరదలు. అలాంటి వాన వచ్చే అవకాశం భూతాపం వల్ల పెరగలేదని, బహుశా తగ్గిందని మరుసటి ఏడాది ఒక అధ్యయనం తేల్చింది. 2015లో వాతావరణ శాస్త్రవేత్త కెవిన్ ట్రెన్‌బర్త్, ఆయన సహచరులు ఎదురు తిరిగారు. గాలి అలా వీచడం యాదృచ్ఛికం అనుకోండి, అలా వీచినప్పుడు వేడి సముద్రం ఎంత తేమను అదనంగా అందించిందో అడగండి అన్నారు. 2017లో ఇంకో అధ్యయనం, అప్పుడు నిజంగా ఉన్న గాలుల తీరునే ఆధారం చేసుకుని చూసి, భూతాపం వల్ల ఆ వాన 30 శాతం పెరిగిందని తేల్చింది. ఎవరి ప్రశ్నకు వారి జవాబు సరైనదే.

మురుగు కాలువ, కల్వర్టు, వంతెన కట్టేవాళ్లకు నేనైతే తేమ లెక్కే మేలంటాను. వాళ్లకు కావలసింది వాన వచ్చినప్పుడు ఎంత జోరుగా వస్తుందన్నదే. రిజర్వాయరు నడిపేవాళ్లకూ పంటల ప్రణాళిక వేసేవాళ్లకూ అది చాలదు. వాళ్ల ప్రశ్న, అసలు వాన వస్తుందా అని. వాళ్లకు గాలి లెక్క తప్పదు, ఎంత వణుకుతున్నదైనా సరే. ట్రెన్‌బర్త్ వాదనలో నాకు నచ్చనిది ఇదే. గాలిని కదలనివ్వకుండా పట్టుకుని వేసే లెక్క, ఆ గాలి ఇకమీదట తరచుగా వీస్తుందా, అరుదవుతుందా అన్నది చెప్పదు.

మోడళ్లన్నిటి సగటు తీయడం రిజర్వాయరు, పంటల లెక్కలు చూసేవాళ్లకు పనికిరాదు. ఒకటి పెరుగుతుందని, ఇంకొకటి తగ్గుతుందని చెబితే సగటున ఏమీ మారనట్టు కనబడుతుంది. దానికంటే థియోడర్ షెపర్డ్ లాంటి వాతావరణ శాస్త్రవేత్తలు చెబుతున్న కథల పద్ధతి నయం: సగటు తీయకుండా, గాలి మారగల ఒక్కో తీరునూ ఒక్కో కథగా విడిగా చూడటం. మధ్యధరా ప్రాంతం చలికాలపు వానలకు జుసెప్పె జాప్పా, షెపర్డ్ 2017లో అలాగే చేశారు. ఉష్ణమండలంపైన ఎత్తులో గాలి ఎంత వేడెక్కుతుంది, ధ్రువంపైన స్ట్రాటోస్ఫియర్‌లో (మేఘాలకు పైనున్న వాతావరణ పొరలో) తిరిగే గాలి సుడి ఎంత బలపడుతుంది అన్న రెండింటినీ కలిపి నాలుగు కథలు అల్లారు. భూతాపం అంతే ఉన్నా, వాన ఎంత తగ్గేదీ ఒక్కో కథలో ఒక్కోలా వచ్చింది. డ్యామ్ గేట్ల దగ్గర కూర్చున్న మనిషి ఆ నాలుగింటినీ విడివిడిగా తన నీటి లెక్కలో వేసి చూసుకోవచ్చు.