ఓడ పొగగొట్టంలోని ఎకనమైజర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఆయిల్ బాయిలర్ బర్నర్ ఆపేసి ఉంటుంది. అయినా స్టీమ్ గేజ్ ముల్లు ఏడు బార్ల దగ్గర కదలకుండా నిలబడుతుంది. బల్క్ క్యారియర్లలో ఇంజినీరుగా ఇన్నేళ్లు పనిచేసినా ఆ ముల్లుని చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమే. మెయిన్ ఇంజిన్ పొగ, ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోచార్జర్‌ని తిప్పి బయటికొచ్చాక కూడా 230, 250 డిగ్రీల వేడి మీద ఉంటుంది. గాల్లో కలిసిపోయే ఆ వేడితోనే ఎకనమైజర్ తన ట్యూబుల్లోని నీళ్లని స్టీమ్‌గా మారుస్తుంది. చిక్కటి హెవీ ఆయిల్‌ని వేడిగా ఉంచే ట్యాంకులు, ఆయిల్ శుభ్రం చేసే ప్యూరిఫైయర్ల హీటర్లు, మా స్నానాల వేడినీళ్లు అన్నీ నడిచిపోతాయి. అదే ఆయిల్ బాయిలర్ వెలిగిస్తే మా ఓడలో రోజుకి రెండు టన్నుల దాకా ఆయిల్ తాగేది. దూరప్రయాణంలో అదంతా మిగులే.

అయితే ఇది ఇంజిన్ మీద మంచి లోడ్ ఉన్నప్పటి మాట.

2020కి ముందు, ఇంకా 3.5 శాతం దాకా సల్ఫర్ ఉన్న ఆయిల్ వాడే రోజుల్లో, ఆస్ట్రేలియా నుంచి విశాఖకి బొగ్గు తెస్తున్నాం. ఆయిల్ ఆదా కోసం స్పీడ్ బాగా తగ్గించమని ఆర్డర్ వచ్చింది. పొగ తగ్గింది, దాని వేగమూ తగ్గింది. ట్యూబుల రెక్కల సందుల్లో జిడ్డు మసి పేరుకోసాగింది. ఒక రాత్రి వాచ్‌లో (డ్యూటీ వంతులో) బర్నర్ దానంతటదే వెలిగింది, స్టీమ్ చాలక. ఎకనమైజర్‌కి ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడా చూపే యూ-ట్యూబులో నీటి మట్టాల తేడా రోజురోజుకీ పెరిగింది. వాచ్‌కోసారి సూట్ బ్లోయింగ్, అంటే ఊది మసి దులపడం, చేస్తూనే ఉన్నాం. రోజూ కొన్ని గంటలు లోడ్ పెంచనిస్తే ఆ మసి చాలావరకు ఊడిపోయేది. అడిగాం, ఒప్పుకోలేదు.

విశాఖ బయట లంగరు వేసి ఇంజిన్ ఆపాం. ఇక పొగ ఉష్ణోగ్రత దిగాలి. మాకు ఎకనమైజర్ పైనున్న థర్మామీటరు ఎక్కుతోంది. ఇంతలో ఫన్నెల్ (పొగగొట్టం) నుంచి నిప్పురవ్వలు వస్తున్నాయని, ఓడ నడిపే బ్రిడ్జి నుంచి ఫోన్. లోపల మసి అంటుకుందన్నమాట.

చీఫ్ ఇంజినీరు సారు మొదట అడిగింది ఒకటే, ట్యూబుల్లో నీళ్లు తిప్పే పంపు గురించి: "సర్క్యులేటింగ్ పంపు నడుస్తోందా?"

"నడుస్తోంది సార్."

"ఏం జరిగినా అది ఆగకూడదు. స్టాండ్‌బై పంపు దగ్గర ఒకరు ఉండండి."

టర్బోచార్జర్ ఫిల్టర్లకి కాన్వాస్ కప్పి గాలి అందకుండా చేశాం. సూట్ బ్లోయర్ ముట్టుకోలేదు, అప్పుడు ఊదితే మంట ఇంకా రేగుతుంది. బయట కేసింగ్ మీద హోసులతో నీళ్లు కొడుతుంటే పెయింట్ బుడగలు బుడగలుగా లేచి ఊడిపోయింది. లోపల నీళ్లు తిరుగుతున్నంతసేపు ట్యూబులకి భయం లేదు. అవి ఆగి వేడి వెయ్యి డిగ్రీలు దాటితే నీటి ఆవిరే విడిపోయి హైడ్రోజన్ మండుతుంది, 1100 దాటితే ఇనుమే అంటుకుంటుంది. అంతదాకా వెళ్లనివ్వకుండా కాపాడింది ఆ పంపు.

పూర్తిగా చల్లారాక డోర్ తెరిచి చూస్తే ఒక వరుస రెక్కలు కాలి వంకర్లు పోయాయి. ట్యూబులు మాత్రం ప్రెషర్ టెస్టులో నిలబడ్డాయి. మసిలో ఆమ్లం ఉంటుంది కాబట్టి క్షారం కలిపిన నీళ్లతో కడిగాం, కింద డ్రెయిన్‌లోంచి నల్లనీళ్లు పోవడం ఆగేవరకు. సగం కడిగి వదిలేస్తే మిగిలిన తడి మసి గట్టిపడి అసలుకే మోసం.

ఇప్పుడెవరైనా ఎకనమైజర్ ఎలాంటిదని అడిగితే మంచిదనే చెబుతాను. కానీ నా సర్వీసంతా దూరప్రయాణాల్లో, హెవీ ఆయిల్ ఓడల మీదే గడిచింది. తీరం వెంట రేవు నుంచి రేవుకి తిరిగే ఓడలో అది వేడెక్కే లోపే ఇంజిన్ ఆపాల్సొస్తుంది. పలచటి గ్యాస్ ఆయిల్‌తో (డీజిల్ లాంటిది) నడిచే ఓడకి ఆయిల్ వేడిచేసే పని లేదు కాబట్టి అంత స్టీమ్ అవసరమే ఉండదు. కొత్త ఇంజిన్లలో పొగే చల్లగా వస్తోంది కాబట్టి స్లో స్పీడులో స్టీమ్ చాలక మళ్లీ బర్నర్ వెలిగించుకోవాలి. లోడ్ పెంచుకోవడానికి రోజుకి కొన్ని గంటలైనా ఇచ్చే కంపెనీ అయితే నేను మళ్లీ ఇదే కోరుకుంటాను. ఇవ్వకపోతే, ఇంజిన్ ఆపిన ప్రతిసారీ ఆ థర్మామీటరు దిగేదాకా నాకు టెన్షనే.