గోబర్ గ్యాసు బ్లోయరు నాలుగేళ్లు వాడాక: మోటారుకు కాదు, ఆ చిన్న స్విచ్చికే నా దండం

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె. నలభై గేదెలు, వాటి పేడతో నడిచే గ్యాసు బెలూను, దానికి 120 మీటర్ల అవతల రెండు పాలకోవా పొయ్యిలు. బెలూన్లో ఉండే ఒత్తిడికి గ్యాసు అంత దూరం రాదు. అందుకే గ్యాసును పీల్చి ముందుకు తోసే బ్లోయరు పెట్టించాను. మోటారు ఎంత, గొట్టం ఎంత అన్నవి అమ్మేవాళ్లే చెప్తారు. నేను రాసేది బిల్లులో ఆఖరి వరసలో ఉండే లో ప్రెషర్ స్విచ్చి గురించి.

కొనేటప్పుడు అది వద్దని గట్టిగా వాదించాను. బ్లోయరు ధరలో పావు వంతు దానికే అయ్యింది. అమ్మినాయన మాత్రం "అది లేకుండా నేను బిగించనండీ, కావాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోండి" అన్నాడు. చాలా కోపమొచ్చింది. ఈ రోజు ఆయన ఎదురైతే చేతులు పట్టుకుంటాను.

అది చేసే పని ఒకటే. బెలూన్లో గ్యాసు అయిపోవస్తే బ్లోయరును ఆపేస్తుంది. మా బ్లోయరు గది గోడకు, బెలూను నుంచి వచ్చే పైపుకు కలిపి, ఒత్తిడి చూపించే యు ఆకారం గాజు గొట్టం ఉంది, అందులో పసుపు కలిపిన నీళ్లు పోశాం. బెలూను నిండుగా ఉంటే రెండు కాళ్ల నీళ్లకు ఆరేడు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. అది 2కి దిగితే స్విచ్చి టక్కుమని కరెంటు తీసేస్తుంది.

రెండేళ్లు దాని సంగతే మర్చిపోయాం. మూడో ఏడు ధనుర్మాసంలో ముసురు పట్టింది. చలికి పేడ సరిగ్గా పులవదు, గ్యాసు సగానికి సగం పడిపోతుంది. సంక్రాంతి ఆర్డర్లేమో నెత్తిమీద ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి పాలు బాణలిలో ఉన్నాయి. బ్లోయరు కాసేపు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. మా బావమరిది విసిగిపోయి "ఈ స్విచ్చి పోయింది బావా, దీన్ని తప్పించి కరెంటు డైరెక్ట్ చేసేస్తా" అన్నాడు. సరే అన్నాను. ఆ తప్పు నాది, వాడిది కాదు.

మొదట్లో బాగానే ఉంది. మంట ఇంకా నీలంగా, చురుగ్గా కూడా వచ్చింది. కాసేపటికి బర్నరు మీద నిలవకుండా పైకి లేస్తూ బుస్సుమనడం మొదలుపెట్టింది. అనుమానమొచ్చి బ్లోయరు గదికి పరిగెత్తాను. పసుపు నీళ్లు తిరగబడి ఉన్నాయి. రోజూ పైన ఉండే కాలు కిందికి, కిందుండేది పైకి. పక్కనే పైపులో చేరిన తడి దిగడానికి పెట్టిన వంపు గొట్టంలో నీళ్లు బుడబుడలాడుతున్నాయి. బుడగలు లోపలికి పోతున్నాయి. ఖాళీ బెలూన్లో పీల్చుకోవడానికి ఏమీ లేక బ్లోయరు బయటి గాలిని గుటకలేస్తోంది.

వెనక్కి పరిగెత్తి ముందు బర్నర్ల వాల్వులు కట్టేశాను, తర్వాత బయట ఉన్న మెయిను దించాను. ఆ రోజు ఆ పైపుకు అగ్గిపుల్ల చూపించలేదు. మర్నాడు పొయ్యిల దగ్గర గొట్టం ఊడదీసి, ఆరుబయట చాలాసేపు వదిలి, లోపల అంతా గ్యాసే అని నమ్మకం కుదిరాకే వెలిగించాం.

గ్యాసు నిండుగా ఉన్న పైపు లోపల నిప్పు అంటుకోదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం దాకా ఉన్నప్పుడే అది పేలుడు సరుకు. అంటే గ్యాసు బయటికి పోవడం ఎంత ప్రమాదమో, గాలి లోపలికి రావడం కూడా అంతే. పెద్ద లీకైతే చాలాసార్లు కుళ్లిన గుడ్డు వాసన చెప్తుంది. గాలి చొరబడితే వాసన కూడా ఉండదు. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు ఉందిగదా అని ధీమా పడతాం. మోటారు పెట్టెలో రేగిన నిప్పు బయటి గ్యాసుకు తగలకుండా ఆపడం వరకే దాని పని. పొయ్యి వైపు నుంచి మంట పైపులోకి వెనక్కి వస్తే దానికేం సంబంధం లేదు. అక్కడ కాపాడాల్సింది జాలీ ఉన్న ఫ్లేమ్ అరెస్టరు. మాది ఆ వారం విప్పి చూస్తే సగం మసితో మూసుకుపోయి ఉంది.

ఇంకొకటి కూడా బయటపడింది. వైరు కలపడానికి విప్పిన ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె మూతకు ఒక బోల్టు మళ్లీ బిగించలేదు. ఆ మూత అంచులు నునుపుగా, దగ్గరగా కూర్చుంటేనే లోపలి మంట ఆ సన్నటి సందులో చల్లారి ఆగిపోతుంది. ఒక్క బోల్టు లేకపోయినా అది మామూలు ఇనుప పెట్టెతో సమానం.

కొన్న ఏడాది ఈ బ్లోయరు గురించి అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్తాను. చప్పుడు లేదన్నది నిజమే. కానీ తిరిగే ఇరుసు పక్కనుంచి గ్యాసు కారకుండా ఆపే షాఫ్టు సీలు ఒకసారి మార్చాల్సి వచ్చింది, అది చెన్నై నుంచి వచ్చేలోపు మూడు వారాలు కట్టెలే గతి. సబ్బు నురగ పూస్తే బుడగలు లేవడం చూశాకే లీకు సంగతి తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం పూస్తాను. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడు రాగిని తినేస్తుంది. తుప్పు పట్టిన లేతు పొట్టు నింపిన డబ్బాలోంచి గ్యాసును పంపడం మేం అశ్రద్ధ చేసిన నెలల్లో మోటారు వైరు బిగించే రాగి టెర్మినల్ నల్లబడిపోయింది. ఆ తప్పు కంపెనీ మీద వెయ్యలేను.

ఇంటి వెనకే చిన్న ప్లాంటు ఉండి, వంటిల్లు పది అడుగుల్లో ఉంటే బ్లోయరే అక్కర్లేదు. డ్రమ్ము ప్లాంటయితే, గ్యాసు మీద మూతలా తేలే ఆ డ్రమ్ము బరువే గ్యాసును తోస్తుంది. సిలిండరు గ్యాసు వాడే హోటలు వాళ్లు నా లెక్క పట్టుకోవద్దు. అది గాలికంటే బరువు, నేలబారుగా పోయి గుంటల్లో చేరుతుంది. దానికి గదీ వేరు, కిటికీ పెట్టే చోటూ వేరు. మా లాగా దూరం, పెద్ద పొయ్యిలు, చలికాలం గిరాకీ ఉన్నవాళ్లయితే ఇదే బ్లోయరు కొనొచ్చనే అంటాను. స్విచ్చి లేకుండా మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

స్విచ్చిని ఇప్పుడు 2 నుంచి 3 సెంటీమీటర్లకు పెంచి పెట్టాం. దాని వల్ల చలికాలంలో ఇంకా ముందే ఆగిపోతుంది. ఆగనిస్తాం. మొన్న ధనుర్మాసమంతా తొలి బాణలి కట్టెల పొయ్యి మీదే ఎక్కింది. ఆ కట్టెలు కొట్టి పెట్టింది మా బావమరిదే.